పార్శిల్ పంపితే మా ఇంటికే తిరిగొచ్చింది! వేరే కంపెనీ పాత బాక్స్‌లో వస్తువులు పంపేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఈ రోజు ఎపిసోడ్ ఆవకాయతో మొదలుపెడదాం.

నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పటి మాట. మే నెల. ఇక్కడ విజయవాడలో అమ్మ కొత్తావకాయ పెట్టింది. రెండు కిలోలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి, నాకు పంపుదామనుకుంది. అందరిళ్లలో లాగే మా ఇంట్లో కూడా అటక మీద ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు గుట్టగా ఉంటాయి. "పారేయకు, ఎప్పుడైనా పనికొస్తాయి" అని దాచినవి. అందులోంచి గట్టిది ఒకటి తీసి, ఆవకాయ సర్ది, టేపు వేసి, పైన నా బెంగళూరు అడ్రస్ రాసి దగ్గర్లోని కొరియర్ ఆఫీసులో ఇచ్చేసింది.

మూడో రోజు ట్రాకింగ్‌లో బెంగళూరు చేరినట్టు చూపించింది. నేను అన్నం వండుకుని రెడీగా ఉన్నా. నాలుగో రోజు అప్‌డేట్ లేదు. ఆరో రోజు మా అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వేమన్నా ఆర్డర్ పెట్టావా? ఏదో పార్శిల్ వచ్చింది" అంది. విప్పి చూస్తే ఏముంది, తను పెట్టిన ఆవకాయే!

కొరియర్ కంపెనీని తిట్టుకున్నాం. తర్వాత బాక్స్ తిప్పి చూస్తే అడుగున పాత లేబుల్ అలాగే ఉంది. ఎవరి అడ్రస్‌తో? మా ఇంటి అడ్రస్‌తో! ఎప్పుడో మా ఇంటికి వచ్చిన ఆర్డర్ కదా అది. పైన బెంగళూరు, కింద విజయవాడ. దారిలో ఎవరో కింద ఉన్నది చూశారు, దాని ప్రకారం పంపించేశారు. వాళ్లు చదివింది తప్పేం కాదు. ఒకే పెట్టె మీద రెండు అడ్రస్‌లు పెట్టి పంపింది మనమే.

అందుకని ఈ రోజు టాపిక్ ఇది: ఒక కంపెనీ పేరున్న పాత బాక్స్‌ని ఇంకో కంపెనీ ద్వారా పంపొచ్చా? అమెజాన్ బాక్స్‌లో పెట్టి స్పీడ్ పోస్ట్‌లో పంపితే తీసుకుంటారా? ఫ్లిప్‌కార్ట్ బాక్స్ ఆర్టీసీ కార్గోలో వేయొచ్చా? అమెరికాలో ఉన్నవాళ్లు పోస్టాఫీసులో ఫ్రీగా ఇచ్చే బాక్స్ వాడి వేరే కొరియర్‌లో పంపొచ్చా? చాలామంది అడుగుతున్నారు. ఒక్క ముక్కలో "పంపొచ్చు" అనో "పంపకూడదు" అనో చెప్తే తప్పు చెప్పినట్టే. ఎందుకో చూద్దాం.

బాక్స్ మీద మూడు రకాల రాతలు

ఇదిగో, ఈ అట్టపెట్టె చూడండి. దీని మీద మూడు రకాల రాతలున్నాయి.

ఒకటి, లోగో. అంటే ఈ బాక్స్ ఎవరిది అన్నది. రెండు, లేబుల్. అంటే ఇది ఎవరికి వెళ్లాలి అన్నది. మూడు, గుర్తులు. అంటే లోపల ఏముంది అన్నది. బ్యాటరీ బొమ్మ, గాజు గ్లాసు బొమ్మ, పైకి బాణాలు, ఇలాంటివన్నీ.

మనం అందరం లోగో గురించి కంగారు పడతాం. నిజానికి మన దేశంలో ఎక్కువ పార్శిళ్లని ఇబ్బంది పెట్టేది రెండోది, మూడోది. పంపే ముందు ఈ మూడింటినీ ఒకే ప్రశ్న అడగాలి: ఈ పార్శిల్ విషయంలో నువ్వు చెప్తున్నది నిజమేనా? నిజం కాకపోతే దాన్ని పీకేయాలి, లేదా కప్పేయాలి. అంతే. మిగతా ఎపిసోడ్ అంతా దీని వివరమే.

పాత బార్‌కోడ్ తప్పు కాదు, అదే అసలు సమస్య

ముందు లేబుల్ సంగతి. పార్శిల్ ప్రయాణంలో మనుషులు అడ్రస్ చదివేది చాలా తక్కువ. చిన్న ఆఫీసులో చేతి స్కానర్ పెడతారు. పెద్ద హబ్‌లలో అయితే బెల్టు మీద పార్శిల్ పోతుంటే చుట్టూ కెమెరాలు ఉంటాయి. పైన, పక్కన, కొన్నిచోట్ల అడుగున కూడా. పెట్టె ఎటు తిరిగి ఉన్నా బార్‌కోడ్ దొరకాలని అలా పెడతారు. అంటే మీరు పాత లేబుల్‌ని "కిందకి పెట్టేశాంలే, ఎవరికి కనపడుద్ది" అనుకుంటే, మెషిన్‌కి కనపడుద్ది.

ఇప్పుడు కొంచెం ఇంజినీరింగ్. మీరు స్పీడ్ పోస్ట్ రసీదు చూస్తే 13 అక్షరాల నంబర్ ఉంటుంది. ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో 9 అంకెలు, చివర ఐ, ఎన్. ఇది మన పోస్టల్ శాఖ సొంతంగా పెట్టుకున్నది కాదు. ప్రపంచ దేశాల పోస్టాఫీసులన్నీ కలిసి ఒప్పుకున్న పద్ధతి, పేరు ఎస్10. చివరి రెండు అక్షరాలు దేశం పేరు. ఐ, ఎన్ అంటే ఇండియా. ముందున్న అక్షరం సర్వీస్ రకం. స్పీడ్ పోస్ట్‌కి ఇ తో మొదలవుతుంది.

మధ్యలో ఉన్న 9 అంకెల్లో నిజమైన నంబర్ 8 అంకెలే. తొమ్మిదోది చెక్ అంకె. అదెలా వస్తుందో చూడండి. ఉదాహరణకి 8 అంకెలు 4, 7, 3, 1, 2, 4, 8, 2 అనుకుందాం. వీటిని వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 తో గుణించాలి. 32, 42, 12, 2, 6, 20, 72, 14 వస్తాయి. అన్నీ కూడితే 200. దాన్ని 11 తో భాగిస్తే శేషం 2. 11 లోంచి 2 తీసేస్తే 9. ఆ 9 చెక్ అంకె. క్లర్క్ ఒక అంకె తప్పు టైప్ చేస్తే దాదాపు ఎప్పుడూ ఈ లెక్క కుదరదు, కంప్యూటర్ వెంటనే పట్టేస్తుంది.

బాగుంది కదా? కానీ ఇక్కడే చిక్కు ఉంది. ఈ లెక్క "నంబర్ సరిగ్గా ఉందా" అని మాత్రమే చూస్తుంది. "ఈ నంబర్ ఈ పార్శిల్‌దేనా" అని చూడదు. పాత లేబుల్ మీద ఉన్న నంబర్ కూడా ఒకప్పుడు సరైనదే. లెక్క కుదురుతుంది. చిరిగిన బార్‌కోడ్ అయితే మెషిన్ చదవలేనంటుంది, మనిషి వచ్చి చూస్తాడు. చక్కగా ఉన్న పాత బార్‌కోడ్ అయితే మెషిన్‌కి రెండు సరైన జవాబులు దొరుకుతాయి. అదృష్టం బాగుంటే అనుమానం వచ్చి పార్శిల్‌ని పక్కన పడేస్తుంది, మనిషి చూసేదాకా ఆగుతుంది. బాగోకపోతే పాతదాన్ని పట్టుకుని ముందుకెళ్లిపోతుంది. మా ఆవకాయ కథ అదే.

బార్‌కోడ్‌ని ఎలా చెరపాలి?

మామూలుగా మనం ఏం చేస్తాం? స్కెచ్ పెన్ తీసుకుని బార్‌కోడ్ మీద అడ్డంగా ఒక గీత గీస్తాం. "కొట్టేశాం" అనుకుంటాం. అది పనిచేయదండి.

ఎందుకంటే, బార్‌కోడ్ గీతలు నిలువుగా ఉంటాయి. స్కానర్ వాటిని అడ్డంగా దాటుకుంటూ చదువుతుంది. ఏ ఎత్తులో చదివినా అదే సమాచారం. మీరు మధ్యలో అడ్డంగా గీత గీస్తే, దాని పైన కొంచెం, కింద కొంచెం ఖాళీ మిగులుతుంది. ఆ మిగిలిన ముక్క చాలు, స్కానర్ మొత్తం చదివేస్తుంది. అదే మీరు మందపాటి మార్కర్‌తో పై నుంచి కింద దాకా నిలువుగా, తెల్ల ఖాళీలు పూడిపోయేలా రెండు మూడు చోట్ల గీశారనుకోండి, ఎక్కడ చదివినా ఆ కొత్త గీతలు అడ్డొస్తాయి. అప్పుడు చదవలేదు.

క్యూఆర్ కోడ్ ఇంకా మొండిది. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ అనే కంపెనీ కార్ల విడిభాగాల లెక్క కోసం తయారు చేసింది. ఫ్యాక్టరీలో నూనె మరకలు పడినా చదవగలగాలని, పాడైన భాగాన్ని తిరిగి లెక్కగట్టుకునే ఏర్పాటు దానిలోనే పెట్టారు. ఎక్కువ రక్షణ పెట్టిన క్యూఆర్ అయితే సుమారు 30 శాతం పాడైనా చదువుతుంది. అంటే మధ్యలో చిన్న ఇంటూ మార్కు పెడితే దానికి లెక్కే లేదు. మూడు మూలల్లో పెద్ద చతురస్రాలు ఉంటాయి చూడండి, ఫోన్ కెమెరా ముందు వాటినే వెతుకుతుంది. ఆ మూడూ పూర్తిగా నల్లగా పూసేయండి.

అన్నిటికన్నా మంచి పద్ధతి, లేబుల్ పీకేయడం. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే జిగురు మెత్తబడి తేలిగ్గా వస్తుంది. ఇంకో సంగతి, కొరియర్ లేబుళ్లు చాలావరకు ఇంకుతో ప్రింట్ చేసినవి కాదు. వేడి తగిలితే నల్లబడే కాగితం అది, సినిమా టికెట్ లాగా, ఏటీఎం స్లిప్పు లాగా. అందుకని బాగా వేడి తగిలితే కాగితమంతా నల్లగా మారిపోతుంది. శానిటైజర్ రాసి రుద్దినా అక్షరాలు చాలావరకు చెదిరిపోతాయి. కరోనా టైమ్‌లో కొన్న సీసాలు ఇంకా ఇంట్లో ఉంటే ఇలా వాడుకోండి. లేబుల్ పీకితే బాక్స్ చిరిగేలా ఉంటే, తెల్ల కాగితం పూర్తిగా అడ్డంగా అంటించి కప్పేయండి.

ఇంకోటి: కొత్త లేబుల్‌ని పెట్టె అంచు మీద సగం ఇటు సగం అటు మడిచి అంటించొద్దు. బార్‌కోడ్ మీద మెరిసే టేపు ముడతలు పడేలా వేయొద్దు. లైటు పడి తళతళలాడితే స్కానర్‌కి కనపడదు. కొత్త అడ్రస్‌ని చీటీ మీద రాసి లోపల కూడా ఒకటి పెట్టండి. పైన లేబుల్ ఊడినా, పెట్టె తెరిచి చూసిన వాళ్లకి ఎక్కడికి పంపాలో తెలుస్తుంది.

లేబుల్ చదివేది మెషిన్ ఒక్కటే కాదు

ఇది కొంచెం సీరియస్ విషయం, స్కిప్ చేయకండి.

మా బంధువుల అమ్మాయి ఒకామె పెడన కలంకారీ చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతుంది. ఇంటి నుంచే వ్యాపారం. జాగ్రత్తగా ఉండాలని వ్యాపారానికి వేరే ఫోన్ నంబర్ పెట్టుకుంది, పంపేవారి అడ్రస్‌గా వాళ్ల నాన్న కొట్టు అడ్రస్ వేస్తుంది. ఇంటి అడ్రస్ ఎక్కడా ఇవ్వదు. ఒకసారి బాక్సులు అయిపోయి, తన సొంత ఆర్డర్ వచ్చిన పాత బాక్స్‌లో చీర పెట్టి పంపింది. రెండు రోజుల తర్వాత తన పర్సనల్ నంబర్‌కి ముక్కూ మొహం తెలియని వాడి మెసేజ్. పేరు పెట్టి పిలిచి, "మీది ఫలానా వీధి కదా" అని. ఎక్కడి నుంచి దొరికింది? బాక్స్ పక్కన ఉన్న పాత లేబుల్ నుంచి. చీర కొన్నది ఒకళ్లు, బాక్స్ చూసింది ఇంకొకళ్లు. ఆ నంబర్ మార్చుకోవాల్సి వచ్చింది.

పాత లేబుల్ మీద ఏముంటాయో ఒక్కసారి చూడండి. మీ పూర్తి పేరు, డోర్ నంబర్‌తో సహా అడ్రస్, చాలాసార్లు ఫోన్ నంబర్, ఆర్డర్ నంబర్, క్యాష్ ఆన్ డెలివరీ అయితే ఎంత డబ్బు కట్టారో కూడా. కొన్ని కంపెనీలు ఇప్పుడు నంబర్ దాచి ప్రింట్ చేస్తున్నాయి, అందరూ కాదు. ఈ వివరాలు చేతిలో ఉన్నవాడు మీకు ఫోన్ చేసి "మీ ఫలానా ఆర్డర్‌కి రీఫండ్ వచ్చింది, ఓటీపీ చెప్పండి" అంటే నమ్మబుద్ధి అవుతుంది, ఎందుకంటే వాడు చెప్పిన ఆర్డర్ నిజమే కదా. "మీ పేరు మీద ఫెడెక్స్‌లో వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి" అని పోలీసు వేషంలో వీడియో కాల్ చేసే మోసాల గురించి మీరు వినే ఉంటారు. అలాంటి ఫోన్లు తాము చేయమని ఫెడెక్స్ కంపెనీయే ప్రకటనలు ఇచ్చుకోవాల్సి వచ్చింది. మన పేరు, అడ్రస్, నంబర్ మూడూ కరెక్టుగా చెప్పేసరికి ఎదుటివాడు నిజమైన ఆఫీసరేమో అని భయపడతాం. ఆ భయమే వాళ్ల పెట్టుబడి.

అందుకని పార్శిల్‌కి వాడినా, పాత పేపర్ల కొట్టుకి వేసినా, చెత్త బండిలో వేసినా, లేబుల్ పీకకుండా బాక్స్ ఇంటి గడప దాటకూడదు. ఒకవేళ డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930 కి ఫోన్ చేయండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మరి లోగో సంగతి?

మన దగ్గర లోగో పెద్ద సమస్య కాదు. కారణం తేలిక. మనకి ఆన్‌లైన్‌లో వస్తువుతో పాటు వచ్చిన అట్టపెట్టె మనది. పోస్టాఫీసు కౌంటర్‌లో ప్యాకింగ్ బాక్స్ కావాలంటే డబ్బులిచ్చి కొనుక్కుంటాం, కాబట్టి అదీ మనదే. మనది మనం ఎలా వాడుకున్నా అడిగేవాళ్లు లేరు. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో ఆర్టీసీ కార్గో కౌంటర్ దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. బిస్కెట్ల పెట్టెలు, సబ్బుల పెట్టెలు, మిక్సీ పెట్టెలు, ఆన్‌లైన్ కంపెనీల పెట్టెలు... అన్నిటి మీదా మార్కర్‌తో పెద్ద అక్షరాలతో ఊరి పేరు, ఫోన్ నంబర్. బందరు లడ్డూ అయినా, కొండపల్లి బొమ్మ అయినా అలాగే పోతుంది.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. మొదటిది, కొరియర్ కంపెనీలు తమ కస్టమర్లకి ఫ్రీగా ఇచ్చే పేరున్న కవర్లు. అవి ఆ కంపెనీ సర్వీస్ కోసమే ఇచ్చినవి. అలాంటి కవర్లో పెట్టి ఇంకో కొరియర్ కౌంటర్‌కి తీసుకెళ్తే తీసుకోకపోవచ్చు, తీసుకున్నా దారిలో "ఇది మన పార్శిలేనా?" అన్న అయోమయం గ్యారంటీ.

రెండోది వ్యాపారం చేసేవాళ్లకి. అమ్మ ఆవకాయ పంపడం వేరు, మీరు డబ్బులకి అమ్మిన వస్తువుని పెద్ద కంపెనీ లోగో ఉన్న బాక్స్‌లో, ఆ కంపెనీ టేపుతో పంపడం వేరు. కొన్నవాళ్లు అది ఆ కంపెనీ నుంచే వచ్చిందనుకుంటారు. పాడైతే వాళ్లని నిలదీస్తారు. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 ప్రకారం వ్యాపారంలో ఇంకొకరి రిజిస్టర్డ్ మార్కుని ప్యాకింగ్ మీద వాడి కొనేవాళ్లని తికమక పెట్టడం కుదరదు. చిన్న వ్యాపారమే కదా అనుకోవద్దు. లోగో కనపడకుండా కాగితం చుట్టండి, లేదంటే బాక్స్‌ని తిరగేసేయండి. పక్కన జిగురు పెట్టిన అతుకు మెల్లగా విప్పి, లోపలి వైపు బయటికొచ్చేలా మడిచి, మళ్లీ టేపు వేస్తే కొత్త సాదా బాక్స్ అయిపోతుంది.

అమెరికాలో మాత్రం లెక్క వేరు

ఇప్పుడు ఎంఎస్‌కి వెళ్లినవాళ్లు, వెళ్లబోయేవాళ్లు వినండి. డాలస్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా ఇది మీకు పనికొస్తుంది.

అక్కడి పోస్టల్ శాఖ యూఎస్‌పీఎస్, పోస్టాఫీసులో "ప్రయారిటీ మెయిల్" అని రాసి ఉన్న బాక్సులు ఫ్రీగా పెడుతుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే ఇంటికి కూడా పంపిస్తుంది. మనోళ్లకి ఫ్రీ అనగానే ఒక ఆశ. ఇల్లు మారేటప్పుడు సామాన్లు సర్దడానికి, వేరే కొరియర్‌లో పంపడానికి, పోస్టాఫీసులోనే చవక సర్వీస్‌లో పంపడానికి తెచ్చుకుందామనిపిస్తుంది.

అక్కడే తప్పు. ఆ బాక్స్ ఫ్రీ కాదు. దాని ఖర్చు ప్రయారిటీ మెయిల్ ఛార్జీలోనే కలిపి ఉంది. మీరు ఆ ఛార్జీ కట్టేదాకా బాక్స్ మీది కాదు. ఇది పోస్టల్ శాఖ ఆస్తి, ప్రయారిటీ మెయిల్‌కి తప్ప వాడకూడదు, దుర్వినియోగం చేస్తే ఫెడరల్ చట్టం ఉల్లంఘన కావచ్చు అని బాక్స్ మీదే రాసి ఉంటుంది. ఆ చట్టం టైటిల్ 18లో సెక్షన్ 1707. పోస్టల్ ఆస్తిని దొంగిలించినా, వేరే పనికి వాడుకున్నా శిక్ష ఉంది. విలువ 1000 డాలర్లు దాటకపోతే ఏడాది దాకా, దాటితే మూడేళ్ల దాకా జైలు అని అందులో ఉంది.

కౌంటర్‌లో మామూలుగా ఎదురయ్యేది జైలు కాదు, ఛార్జీ. చవక సర్వీస్‌లో పంపుదామని ఆ బాక్స్ తీసుకెళ్తే ప్రయారిటీ రేటే కట్టమంటారు. మరి ఇందాక చెప్పినట్టు తిరగేస్తే? కుదరదు. బాక్స్‌ని ఎలా మడిచినా, రాతల్ని ఎలా చెరిపినా ప్రయారిటీ రేటే పడుతుందని వాళ్ల మెయిల్ మాన్యువల్‌లోనే రాసి పెట్టారు. మన ఐడియా వాళ్లకి ముందే వచ్చింది! ఫెడెక్స్, యూపీఎస్ ఫ్రీగా ఇచ్చే ఎక్స్‌ప్రెస్ బాక్సులు కూడా వాళ్ల ఎక్స్‌ప్రెస్ సర్వీసుల కోసమే.

అదే మీకు ఆన్‌లైన్ ఆర్డర్‌లో వచ్చిన మామూలు బాక్స్ అయితే యూఎస్‌పీఎస్‌లో పంపుకోవచ్చు. గట్టిగా ఉండాలి, పాత లేబుళ్లు, పాత గుర్తులు అన్నీ కనపడకుండా కప్పాలి. చూశారా, తేడా దేశంలో లేదు. బాక్స్‌కి డబ్బులు ఎవరు కట్టారు, దేని కోసం కట్టారు అన్నదే రెండు చోట్లా లెక్క.

బ్యాటరీ బొమ్మ, మందు పెట్టె

ఇప్పుడు మూడో రకం రాత. ఫోన్‌దో, పవర్ బ్యాంక్‌దో వచ్చిన బాక్స్ మీద ఎర్ర చారల అంచుతో, లోపల మంట లేచే బ్యాటరీ బొమ్మతో ఒక గుర్తు ఉంటుంది. కింద యూఎన్ 3480 అనో, యూఎన్ 3481 అనో ఉంటుంది. 3480 అంటే విడి లిథియం అయాన్ బ్యాటరీలు. 3481 అంటే పరికరంలో ఉన్నవి లేదా పరికరంతో పాటు ప్యాక్ చేసినవి. విడి లిథియం అయాన్ బ్యాటరీలని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా తీసుకెళ్లడం 2016 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు. గాల్లో నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం కాబట్టి.

ఇప్పుడు మీరు ఆ బాక్స్‌లో చీర పెట్టి పంపారనుకోండి. గన్నవరంలోనో, శంషాబాద్‌లోనో విమానం ఎక్కించే ముందు చూసేవాళ్లకి అది బ్యాటరీల పెట్టె. ఆపి పక్కన పెడతారు. పండక్కి చేరాల్సిన చీర పండగ అయ్యాక చేరుతుంది. దీనికి తిరకాసు ఇంకా ప్రమాదం: పాత ఫోన్ అమ్మేసి, దాన్ని స్వీట్ల బాక్స్‌లో పెట్టి, ఏమీ చెప్పకుండా పంపడం. లోపల బ్యాటరీ ఉందని కౌంటర్‌లో తప్పకుండా చెప్పండి. ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోన్ అయితే అసలు పంపొద్దు.

అలాగే మందు పెట్టెలు. ఇల్లు మారేటప్పుడు పుస్తకాలు సర్దడానికి వైన్ షాపు అట్టపెట్టెలంత గట్టివి దొరకవు, ఒప్పుకుంటా. కానీ అందులో పెట్టి హైదరాబాద్ నుంచి విజయవాడకి బస్సులో వేస్తే, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో మీ పుస్తకాల పెట్టె మీదే అందరి కళ్లూ పడతాయి. అమెరికా పోస్టాఫీసులో అయితే మందు కంపెనీ పేర్లు కనపడుతున్న బాక్స్ తీసుకోరు, లోపల ఏమున్నా సరే.

ఖరీదైన వస్తువుల బాక్సులు కూడా అంతే. ల్యాప్‌టాప్ కంపెనీ బాక్స్‌లో ల్యాప్‌టాప్ పెట్టి పైన ఏమీ చుట్టకుండా పంపితే, దారిలో పది మందికి "లోపల ల్యాప్‌టాప్ ఉంది" అని మనమే చెప్పినట్టు.

పాత బాక్స్‌లో బలం ఎంత మిగిలింది?

చివరగా బలం గురించి రెండు మాటలు. అట్ట మధ్యలో వంకీలు తిరిగిన కాగితం ఉంటుంది. బాక్స్ బలానికి అది చాలా ముఖ్యం. మూడు పొరలది చీరకి చాలు, పచ్చడికి ఐదు పొరలది కావాలి. ఒకసారి నలిగిన వంకీ మళ్లీ లేవదు. మూలల దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే దాని పని అయిపోయింది.

మన కృష్ణా డెల్టాలో ఇంకో శత్రువు ఉంది, తేమ. కాగితం గాల్లో తేమని పీల్చుకుంటుంది. బాగా చెమ్మ పట్టిన అట్ట బలం సుమారు సగం పోవచ్చు. వానాకాలమంతా అటక మీద, గోడకి ఆనించి ఉంచిన బాక్స్ చూడ్డానికి బాగానే ఉంటుంది, పైన ఇంకో నాలుగు పెట్టెలు పడగానే కూర్చుండిపోతుంది. దాన్ని పంపే ముందు ఒక రోజు ఎండలో పెట్టండి. నూనె మరక ఉన్నది, తడిసి ఆరినది మాత్రం వాడొద్దు. ప్యాకింగ్ సరిగ్గా లేక పగిలితే కొరియర్ వాళ్లు మామూలుగా నష్టపరిహారం ఇవ్వరు, రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉంటుంది. పాత దుమ్ము తుడిచి టేపు వేయండి, దుమ్ము మీద టేపు నిలబడదు.

మొత్తానికి రెండు నిమిషాల పని

బాక్స్‌ని ఆరు వైపులా తిప్పి చూడండి, అడుగు మర్చిపోవద్దు. పాత లేబుల్ పీకండి, రాకపోతే కప్పండి. మిగిలిన బార్‌కోడ్ ఉంటే నిలువుగా, క్యూఆర్ ఉంటే మూడు మూలలూ పూసేయండి. బ్యాటరీ, మందు గుర్తులు లోపలి వస్తువుకి సంబంధించినవి కాకపోతే కప్పండి. అమ్మకం అయితే లోగో కూడా కప్పండి. ఫ్రీగా ఇచ్చిన కొరియర్ బాక్స్ అయితే ఆ కొరియర్‌కే వాడండి. మూలలు నొక్కి చూడండి. కొత్త అడ్రస్ ఒక్కటే, పైన ఒకే చోట, లోపల ఒక చీటీ.

కొత్త బాక్స్ కొనమని నేను చెప్పట్లేదు. ఉన్న అట్టపెట్టెని ఇంకోసారి వాడటం మంచి పనే, డబ్బూ మిగులుతుంది, చెత్తా తగ్గుతుంది. "పారేయకు" అనే మన అమ్మల మాట కరెక్టే. దాచేటప్పుడే లేబుల్ పీకి దాచమని మాత్రం చెప్పండి. మా ఇంట్లో ఇప్పుడు అదే రూల్. ఆర్డర్ వచ్చిందా, ముందు లేబుల్ చించు, తర్వాతే లోపల ఏముందో చూడు.

ఆవకాయ ఏమైందంటారా? అమ్మ మళ్లీ పంపలేదు. "నువ్వే వచ్చి తిను" అంది. వారం తర్వాత నేనే రైలెక్కాను.

మీ ఇంట్లో దాచిన బాక్సులు ఇవాళ ఒకసారి కిందకి దించి చూడండి, ఎన్నిటి మీద మీ ఫోన్ నంబర్ ఉందో లెక్కపెట్టండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి, నమస్తే.